డ్రాఫ్ట్ రాదు, ఎందుకు రాదో కూడా రాయండి

కిలీన్, టెక్సాస్
2007 అక్టోబర్ 24

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికను నేనిక్కడ ఇంటర్నెట్‌లో చదువుతాను. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ (ఇక్కడ డ్రాఫ్ట్ అంటారు) మళ్లీ రాబోతోందనీ, గ్రీన్ కార్డున్న మనవాళ్ల పిల్లల్ని కూడా ఇరాక్‌కు పట్టుకుపోతారనీ ఈ మధ్య మీ పేజీల్లో ఒక పాఠకుడు రాశారు. ఆ ఉత్తరం తెనాలిలో మా అమ్మ కూడా చదివింది. ఇక్కడ అర్ధరాత్రి అని కూడా చూసుకోకుండా ఫోన్. "ఆ చదువేదో ఇక్కడే చదువుకుంటాడు గానీ, ముందు వాణ్ణి విమానం ఎక్కించెయ్యవే" అని ఒకటే గొడవ. మావాడికి ఆగస్టులో 18 నిండాయి. ఆస్టిన్‌లో ఇంజనీరింగ్‌లో చేరాడు. ప్రస్తుతానికి వాడి టెన్షనంతా కాల్క్యులస్ గురించే.

పిల్లల తల్లిదండ్రులు ఊరికే కంగారు పడకుండా ముందు ఉన్న సంగతి చెప్తాను. ఇక్కడ 18 నుంచి 25 ఏళ్ల వయసున్న మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థలో పేరు నమోదు చేసుకోవాలి. పౌరులతోపాటు గ్రీన్ కార్డున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. 18 నిండిన 30 రోజుల్లోపు చేయాలి. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, ఆ వీసా చెల్లుతున్నంత కాలం, చేయక్కర్లేదు. నమోదు చేసుకోకపోతే చట్టప్రకారం 5 ఏళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా. ఎవరినీ జైల్లో పెట్టిన దాఖలాలు ఈ మధ్యకాలంలో లేవు గానీ, కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సాయం ఆగిపోతుంది, ఫెడరల్ ఉద్యోగం రాదు, రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు అక్కడా అడుగుతారు. పోస్టాఫీసులో ఫారం దొరుకుతుంది, ఇంటర్నెట్‌లోనూ చేసుకోవచ్చు. మావాడు అయిదు నిమిషాల్లో పూర్తి చేశాడు. తర్వాత పోస్టులో ఒక చిన్న కార్డు వచ్చింది. భద్రంగా దాచాం, అంతే.

ఈ నమోదు ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లాక 1980లో కార్టర్ ప్రభుత్వం తిరిగి పెట్టింది. బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం 1973లోనే ఆగిపోయింది. అది మళ్లీ రావాలంటే కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేయాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. 2004 అక్టోబర్‌లో అలాంటి బిల్లొకటి ప్రతినిధుల సభలో ఓటింగుకు వస్తే 402 మంది వద్దన్నారు, ఇద్దరే ఇద్దరు కావాలన్నారు. బిల్లు పెట్టిన చార్లెస్ రాంగెల్ కూడా దానికి వ్యతిరేకంగానే ఓటేశారు! ఆయన సంగతి తర్వాత చెప్తాను. మొన్న ఆగస్టులో అధ్యక్షుడు బుష్‌కు ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల మీద సలహా చెప్పే జనరల్ డగ్లస్ ల్యూట్, ఒక రేడియో ఇంటర్వ్యూలో డ్రాఫ్ట్ గురించి ఆలోచించడంలో తప్పేమీ లేదన్నట్టు మాట్లాడారు. ఈ భయాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. డ్రాఫ్ట్ లేని విధానమేమీ మారలేదని ప్రభుత్వం వెంటనే చెప్పుకుంది. ఆ మాట మాత్రం నిజమేనని నేనూ నమ్ముతున్నాను. డ్రాఫ్ట్ రాదు.

అయితే అది ఎందుకు రాదు? నేను ఈ ఉత్తరం రాస్తున్నది దానికోసం.

మా ఊరు ఫోర్ట్ హుడ్ పక్కనే. దేశంలోని అతిపెద్ద సైనిక స్థావరాల్లో అదొకటి. ఆర్మీ కటింగ్ చేసే క్షవరశాలలు, తాకట్టు కొట్లు, టాటూ దుకాణాలు, వాడేసిన యూనిఫాంలు అమ్మే షాపులు, ఇదీ మా మెయిన్ రోడ్డు. మావారికి ఆస్టిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ కారులో పోయి వస్తారు. తెనాలిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని, ఇక్కడ మళ్లీ సర్టిఫికెట్ పరీక్షలు రాసి ఒక హైస్కూల్లో ఆల్జీబ్రా చెప్తున్నాను. నా క్లాసుల్లో సగానికి పైగా పిల్లలకు నాన్నో అమ్మో ఆర్మీలో ఉన్నారు. కొందరికి ఇద్దరూ.

ప్రతి పిల్లకూ పిల్లాడికీ స్కూల్లో ఒక కార్డుంటుంది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో అందులో రాయాలి. మామూలు ఊళ్లో ఆ కార్డు ఏడాదికోసారి నింపి మర్చిపోతారు. మా దగ్గర నాన్న పేరు కొట్టేసి అమ్మ పేరు, అమ్మ పేరు కొట్టేసి అలబామా నుంచి వచ్చిన అమ్మమ్మ పేరు, ఆవిడకు ఒంట్లో బాగోకపోతే పక్కింటావిడ పేరు. తల్లిదండ్రులిద్దరూ సైనికులైనా, ఒంటరి తల్లి అయినా, యుద్ధానికి వెళ్లేముందు పిల్లల్ని ఎవరికి అప్పగిస్తున్నారో ఆర్మీకి రాసిచ్చి తీరాలి. నాలుగు గీతలు కొట్టేసిన కార్డొకటి నా దగ్గరుంది. ఆ పిల్లాడు హోంవర్క్ తేకపోతే నేను ఏమీ అనను. టీచర్‌గా అది తప్పో ఒప్పో నాకు తెలీదు.

ఈ ఏడాది ఏప్రిల్ 11, బుధవారం. రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ టీవీలో ప్రకటించారు: ఇరాక్‌లో, అఫ్గానిస్తాన్‌లో ఉన్న ఆర్మీ దళాల గడువు ఇకపై 12 నెలలు కాదు, 15 నెలలు. ఇకముందు వెళ్లేవాళ్లకే కాదు, అప్పటికే అక్కడ ఉన్నవాళ్లకు కూడా. సైనికుల ఇళ్లకు ముందుగా కబురు పంపుదామనుకున్నారట, ఈలోగా వార్త బయటికి పొక్కింది. దాంతో భర్త ఆలస్యంగా వస్తాడని భార్యకు టీవీ చెప్పింది. వియత్నాంలో కూడా ఆర్మీవాళ్లు ఏడాదికే తిరిగొచ్చేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంత పొడుగు గడువు లేదు. బ్రిటిష్ సైనికులు ఆరు నెలలకు మారతారు. ఇక్కడి మెరైన్లు (ఆర్మీ కాదు, వేరే దళం) ఏడు నెలలకు. ఆర్మీకే ఈ ఖర్మ.

మర్నాడు భోజనం వేళకు నా రెండో పీరియడ్ అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న ఫస్ట్ కావల్రీ డివిజన్‌లో సార్జెంట్. పోయిన అక్టోబర్‌లో బాగ్దాద్ వెళ్లాడు. ఇంట్లో ఆరేళ్ల తమ్ముడికోసం వంటింటి గోడకు రంగు కాగితాల గొలుసు కట్టారు, రోజుకొక కొలికి చింపేస్తారు. గొలుసు అయిపోయేసరికి నాన్న వచ్చేస్తాడన్నమాట. ఆర్మీ ఇళ్లల్లో ఇది మామూలే. "మిస్, మీ బీరువాలో రంగు కాగితాలున్నాయా? 90 కొలికులు చేయాలి" అంది. ఇచ్చాను. కాగితాలు కోసే కట్టర్ నా టేబుల్ మీదే ఉంటుంది. నిలబడి కోసింది, ఒకే వెడల్పులో, స్కేలు పెట్టి గీసినట్టు. రాత్రి తమ్ముడు పడుకున్నాక అతికించేస్తుందట. పొద్దున లేచి గొలుసు పెరిగిందని గమనిస్తాడేమోనని పాత కొలికుల్లో ఏ రంగు తర్వాత ఏ రంగుందో ఒక కాగితం మీద రాసుకొచ్చింది. గమనించాడో లేదో నేను అడగలేదు. వాళ్ల నాన్న ఈ నెలలో రావలసిన మనిషి. జనవరి అంటున్నారు.

మధ్యలో ఒకసారి 18 రోజుల సెలవు ఇస్తారు. కొందరు భార్యలు ఆ సెలవు వద్దనే అంటారు. పిల్లలు అలవాటు పడేలోపు మళ్లీ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాలి కదా అని.

ఇంత చేసి ఇంటికొచ్చాక ఎన్నాళ్లుంటారు? పన్నెండు నెలలు. అందులోనూ ఎడారి శిక్షణకని కాలిఫోర్నియాకో ఇంకెక్కడికో పోతారు. మళ్లీ 15 నెలలు. మూడోసారి వెళ్లినవాళ్లు మా ఊళ్లో కోకొల్లలు. విచిత్రం ఏమిటంటే, ఆర్మీ తన మానసిక వైద్యుల బృందాన్ని తానే ఇరాక్ పంపి సర్వే చేయించింది. ఆ నివేదిక మే నెలలో బయటపెట్టారు. ఎక్కువసార్లు వెళ్లినకొద్దీ, ఎక్కువకాలం ఉన్నకొద్దీ మనసు దెబ్బతింటోంది, సంసారాలు చెడుతున్నాయి, అక్కడ ఉండే కాలం తగ్గించండి, లేకపోతే మధ్యలో 18 నుంచి 36 నెలలు ఇంటి దగ్గర ఉండనివ్వండి అని వాళ్లు చెప్పారు. అది బయటికొచ్చేసరికి గడువు మూడు నెలలు పెరిగే ఉంది.

గత నెల 19న సెనేటర్ జిమ్ వెబ్ ఒక సవరణ తెచ్చారు. వెబ్ వియత్నాంలో పోరాడినవాడు, కొడుకు మెరైన్‌గా ఇరాక్ వెళ్లినవాడు. ఆయన అడిగిందల్లా, ఎన్ని నెలలు యుద్ధంలో ఉంటే కనీసం అన్ని నెలలు ఇంట్లో ఉండనివ్వండి అని. అనుకూలంగా 56, వ్యతిరేకంగా 44. నెగ్గినట్టే కదా అనుకుంటాం. ఇక్కడి సెనేట్ లెక్కలో 60 కావాలి. ఓడిపోయింది. మర్నాడు మా స్టాఫ్ రూంలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుపొస్తుందని కొందరు, రాజకీయం ఎందుకని కొందరు.

ఇంకొకటుంది, స్టాప్ లాస్ అంటారు. కాంట్రాక్టు గడువు తీరినా, తన దళం యుద్ధానికి వెళ్లబోతుంటే సైనికుడు దిగిపోవడానికి వీల్లేదు. బయలుదేరడానికి 90 రోజుల ముందు నుంచి తిరిగొచ్చిన 90 రోజుల తర్వాతి దాకా కట్టేస్తారు. మా స్కూల్లో సైన్స్ చెప్పే ఆవిడ భర్తకు కాంట్రాక్టు మార్చిలో అయిపోయింది. హ్యూస్టన్‌లో ఉద్యోగం మాట్లాడుకున్నాడు, అక్కడ ఇల్లు కూడా చూసొచ్చారు. మనిషి ఇప్పటికీ బాగ్దాద్‌లోనే. తెలిసే సంతకం పెట్టారు కదా అంటారు. నిజమే, ఆ కాగితంలో మొత్తం 8 ఏళ్ల బాధ్యత అని ఉంటుంది, నాలుగేళ్లకే చేరినా సరే. అది చదివి సంతకం పెట్టేవాడి వయసు 18. మా క్లాసులో వర్గ సమీకరణమే మూడోసారికి గానీ పూర్తిగా చదవరు.

గడువు తీరిన మనిషిని ఇంటికి పోనివ్వకపోవడం, ఏడాదని పంపి ఏడాది పావు ఉంచడం, ఇవి నిర్బంధం కాక ఏమిటండీ? మీ పాఠకుడు భయపడుతున్నది వచ్చేసింది. కాకపోతే అది ఒకసారి చేరినవాళ్ల నెత్తిన మాత్రమే పడింది. ఉన్నవాళ్లనే రెండుసార్లు, మూడుసార్లు వాడుకుంటే కొత్తవాళ్లను బలవంతంగా తేవలసిన పనిలేదు. డ్రాఫ్ట్ రాదని నేనంత గట్టిగా చెప్పేది అందుకే.

కొత్తగా చేరేవాళ్ల సంగతి కూడా చూడండి. మా స్కూలు క్యాంటీన్‌లో రిక్రూటర్లు టేబుల్ వేసుకుని కూర్చుంటారు. పెన్నులు, కీ చెయిన్లు పంచుతారు. మర్యాదస్తులే, నన్ను చూస్తే లేచి నిలబడతారు. జూలై నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా, వెంటనే శిక్షణకు బయలుదేరితే 20,000 డాలర్ల బోనస్ అన్నారు. మన లెక్కలో దాదాపు 8 లక్షలు. నా దగ్గర మే నెలలో పాసైన కుర్రాడొకడు ఆగస్టులో స్కూలుకొచ్చి, "మిస్, ఇరవై వేలు! ట్రక్కు కొనుక్కుంటా" అని చెప్పి వెళ్లాడు. చేరే వయసు పోయిన ఏడాదే 42 దాకా పెంచారు. ఈ ఏడాది 80 వేల లక్ష్యం అందుకున్నామని ఈ నెలలో ఆర్మీ ప్రకటించింది. అందులో హైస్కూలు డిప్లొమా ఉన్నవాళ్లు 79 శాతమే, ఉండాలనుకున్నది 90. లక్ష్యం ఎలా అందిందో టీచర్‌గా నాకు వేరే చెప్పక్కర్లేదు.

మనవైపు పరిస్థితి వేరు. ఆర్మీ ర్యాలీ అంటే ముందురోజు రాత్రే వచ్చి గ్రౌండు బయట పడుకుంటారు. మా పెద్దమ్మ కొడుకు అలా చేరినవాడే. పార్లమెంటు మీద దాడి జరిగాక 2001 డిసెంబర్‌లో సరిహద్దుకు వెళ్లిన అన్నయ్య, మరుసటి ఏడాది అక్టోబర్‌లో సైన్యాన్ని వెనక్కి రప్పించేదాకా రాజస్థాన్ ఇసుకలోనే ఉన్నాడు. యుద్ధం జరగనే లేదు. ఆ ఎండాకాలం మా వదిన ఫోన్ మోగితే ఎత్తడానికే భయపడేది. నిర్బంధం లేని దేశంలో కూడా ఎదురుచూపు ఇలాగే ఉంటుంది. అక్కడ మాత్రం రోజు లెక్కపెట్టడానికి తేదీ కూడా చెప్పలేదు.

రాంగెల్ దగ్గరికొస్తాను. న్యూయార్క్ నుంచి కాంగ్రెస్ సభ్యుడు, నల్లజాతివాడు, కొరియా యుద్ధంలో పాల్గొన్నవాడు. డ్రాఫ్ట్ బిల్లు 2003లో పెట్టాడు, ఈ జనవరిలో మళ్లీ పెట్టాడు. యుద్ధానికి చేయెత్తే పెద్దల పిల్లలు కూడా యుద్ధానికి వెళ్లాల్సి వస్తే, అంత తేలిగ్గా చేతులు లేవవని ఆయన వాదన. ఈ ఊళ్లో ఉంటూ ఆ మాట కాదనడం కష్టం. బుద్ధికి సరేననిపిస్తుంది, మావాడి కార్డు చూస్తే కన్నపేగు ఒప్పుకోదు. అలాగని నేను నా కొడుకు కోసమే డ్రాఫ్ట్ వద్దంటున్నానని అనుకోకండి. వియత్నాం కాలంలో డ్రాఫ్ట్ ఉంది. కాలేజీలో చదివేవాడికి వాయిదా దొరికేది, చదువులేనివాడు వెళ్లేవాడు. ఆ అన్యాయం మీద గొడవ పెరిగాక 1969 డిసెంబర్ 1న గాజు జాడీలో 366 పుట్టినరోజులు వేసి లాటరీ తీశారు. మొదట సెప్టెంబర్ 14 వచ్చింది. ఆ రోజు పుట్టిన కుర్రాళ్ల తల్లుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి. అంత చేసినా ఆ యుద్ధం వెంటనే ఆగిందా? లేదు, ఏళ్లు పట్టింది.

నాకు తోచింది ఒక్కటే. ఇష్టపడి చేరేవాళ్లతోనే సైన్యం నడుపుతామని ఈ దేశం 1973లో నిర్ణయించుకుంది. అలాంటప్పుడు చేరేవాళ్లు చాలకపోతే, ఈ యుద్ధం మాకొద్దని జనం చెప్తున్నట్టే. ఓటు వేయడం లాంటిదే అదీ. ఆ జవాబు చెవిన పెట్టకుండా, ఒకసారి సరేనన్నవాణ్ణి పట్టుకుని వాడి చేతే మళ్లీ మళ్లీ సరే అనిపిస్తున్నారు. ఇరాక్ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల సంఖ్య 3,800 దాటింది. చనిపోయిన ఇరాకీల లెక్క ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు, ఆ తల్లులకు టీవీలో ప్రకటనలు కూడా ఉండవు.

మొన్న దసరాకు ఆస్టిన్‌లో మనవాళ్లందరం కలిశాం. జూలైలో గ్రీన్ కార్డు దరఖాస్తులకు తలుపులు తెరిచినప్పటి నుంచి మాటలన్నీ వాటి మీదే. వేలిముద్రలకు పిలిచారా, ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) వచ్చిందా. నేను ఈ 15 నెలల సంగతి ఎత్తితే ఒకాయన నవ్వి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్, వాళ్లకు జీతాలిస్తున్నారుగా" అన్నారు. పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని ఏం పోట్లాడతాం? కానీ ఆ జీతాలిస్తున్నది మన పన్నుల్లోంచే కదండీ. ఈ దేశంలో ఉంటాం, ఇక్కడ ఇళ్లు కొంటాం, రేపు పౌరులం కూడా అవుతాం. డ్రాఫ్ట్ వస్తుందన్న రోజునే ఈ యుద్ధం మనకు గుర్తొస్తే ఎలా?

చివరగా తల్లిదండ్రులకు పనికొచ్చే మాట. "ఆర్మీవాళ్లు మా అబ్బాయికి ఫోన్ చేశారు, డ్రాఫ్ట్ మొదలైపోయింది" అని డల్లాస్ నుంచి ఒకావిడ నాకు ఈమెయిల్ పంపింది. డ్రాఫ్ట్ కాదు. నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే 2002 నాటి చదువుల చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే హైస్కూళ్లు పిల్లల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు రిక్రూటర్లు అడిగితే ఇవ్వాలి. తల్లిదండ్రులు వద్దని రాసిస్తే ఇవ్వకూడదు. ఆ ఫారం స్కూలు తెరిచిన వారంలో ఇచ్చే కాగితాల కట్టలో, భోజనం ఖాతా కాగితానికీ బస్సు కాగితానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. మనవాళ్లు చదవకుండా సంతకాలు పెట్టేసి పంపేస్తారు. అది ఇప్పుడైనా అడిగి తీసుకోవచ్చు, ఏడాది మధ్యలోనైనా రాసివ్వొచ్చు. రాసిచ్చాక స్కూలు ఆఫీసులో చేరినట్టు ఒక కాపీ మీద తేదీ వేయించుకోండి.

నా పేరు వేయవద్దని మనవి. నా క్లాసు పిల్లలెవరూ తెలుగు చదవరు గానీ, ఊరు చిన్నది.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్